నాలుగు గీతలు

మీటరు మీద మూడు వందల తొంభై ఆరు.

టైలరమ్మ కళ్ళజోడు తీసి, చెంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూసింది. అద్దాలు తుడిస్తే షుగరు తగ్గుతుందా? అంకె కదల్లేదు. ఒళ్ళో ఉన్న పిల్లి మాత్రం చెవి అంచున సూది గుచ్చిన చోట పంజాతో ఒకసారి రాసుకుని, ఇక నీ తతంగం అయిందా అన్నట్టు చూసింది.

దాని పేరు గుండీ. అరచేతిలో పట్టేంత ఉన్నప్పుడు గుండీల డబ్బాలో దూరి నిద్రపోయిందని ఆ పేరు పెట్టారు. మొన్నమొన్నటి దాకా అది ఎగిరి బల్లెక్కితే కుట్టుమిషను ఊగేది. రోగం బయటపడిన ఈ ఇరవై రోజుల్లో నడుం ఎముకలు చేతికి తగులుతున్నాయి.

నీళ్ళ గాజుగిన్నె బయట బట్టల సుద్దతో రాత్రి గీసిన గీత ఉంది. నీళ్ళు ఆ గీతకు జానెడు కిందకు పోయాయి అనిపించింది ఆమెకు. నిజానికి రెండు వేళ్ళ మందమే. అయినా పిల్లికి అది ఎక్కువే. షుగరు ఎక్కితే దాహం ఎక్కుతుందని, ప్రతిసారీ క్లినిక్కుకు మోసుకురాకుండా ఇంట్లోనే ఈ నీళ్ళ గీత చూసుకోమని, చెవి అంచున గుచ్చి రక్తం చూసుకోమని పశువుల డాక్టరే నేర్పాడు. స్ట్రిప్పులు ప్రియం కాబట్టి వారానికి రెండే. డబ్బాలో ఇంకొక్కటి మిగిలింది.

"చూశారా?" అంది, గోడ అద్దంలో గడ్డం గీసుకుంటున్న మొగుడితో. "మొదటి ఐదు రోజులూ బాగా తగ్గింది. నాలుగు వందలది రెండు వందల నలభైకి దిగింది. ఆరో రోజు నుంచి మళ్ళీ ఎక్కడమే. డాక్టరు ఫోనులో చెప్పినట్టే రెండు గీతల మందు మూడైంది, మూడు నాలుగైంది. మందు పెరిగేకొద్దీ షుగరు పెరగడం ఎక్కడైనా ఉందా?"

"మా లిఫ్టులే నయం. పైకి నొక్కితే పైకే పోతాయి," అన్నాడు లిఫ్టు మెకానిక్కు, నురగ మధ్య నుంచి.

"మీకు నవ్వులాటగా ఉంది. దీనికి ఎవరో తీపి పెడుతున్నారు."

వంటగది గుమ్మంలో బీన్సు తుంచుతున్న అత్తగారు తలెత్తలేదు.

"ఎవరో ఏముందిలే అమ్మా. ఇంట్లో ఉండేది ముగ్గురం. నువ్వు పెట్టవు. వాడు ఇంట్లోనే ఉండడు. ఇంక వేళ్ళు మడిచి లెక్కపెట్టక్కర్లేదుగా."

"నేను మీ పేరెత్తలేదు అత్తయ్యా."

"పేరెత్తడమెందుకు. చూపు చాలదూ."

ఈ మాటతో ఊరుకుని ఉంటే ఆ పొద్దు వేరేగా గడిచేదేమో. కానీ టైలరమ్మకు మూడు రోజులుగా గొంతులో ఒక మాట అడ్డం పడి ఉంది. అది బయటకు వచ్చేసింది.

"అయితే మీ మంచం కింద బిస్కెట్టు పొడి ఎక్కడిది? మొన్న నేనే ఊడ్చాను. తీపి బిస్కెట్టు. మీరు తీపి ముట్టి మూడేళ్ళు దాటింది కదా."

నిజమే, మామగారు పోయినప్పటి నుంచీ ఆవిడ తీపి ముట్టదు. ఆయన మీది దిగులుతో మానేసిందని అందరూ అనుకుంటారు. ఆవిడ అవుననదు, కాదనదు.

బీన్సు తుంచే వేళ్ళు ఆగాయి. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుంటారని ఊరికే అన్నారా, అనుకుంది టైలరమ్మ. అత్తగారు "నాకు తెలీదు," అంది. అని, చేటలో ఉన్న ముక్కల్ని అటూ ఇటూ కదిపింది.

తెలీదట. ఆవిడ మంచం, ఆవిడ గది, ఆవిడకే తెలీదట.

టైలరమ్మ లేచింది. పంచదార డబ్బా, తేనె సీసా, బిస్కెట్లు, పాలపొడి, జాము, ఆఖరికి మొగుడు దగ్గుకని తెచ్చుకున్న చప్పరించే బిళ్ళలు కూడా తీసి అలమరలో పెట్టింది. తాళం వేసి, తాళంచెవిని మెడలో వేలాడే కొలతల టేపు కొసకు ముడి వేసింది. ఆ టేపు ఆమె మెడలోంచి దిగేది నిద్రపోయేటప్పుడే.

"పంచదారకి జైలా?" అన్నాడు మొగుడు. "మరి నా కాఫీ?"

"చేదుగా తాగండి. నేను క్లినిక్కుకి పోయి డాక్టర్ని అడిగి వస్తాను. సూదులు కూడా అయిపోవస్తున్నాయి. ఏడున్నరకి మందు మీరే వెయ్యండి, నాలుగు గీతలు. సూదొకటి ఫ్రిజ్జు మీద పెట్టాను. ఇంకెవరి చేతికీ ఇవ్వొద్దు."

చివరి మాట కాస్త గట్టిగానే అంది. అత్తగారు విన్నది. తొమ్మిదేళ్ళు పొద్దునా సాయంత్రం మొగుడికి షుగరు సూది వేసిన మనిషి. చివరికి ఆయన కాలు తీసేసినప్పుడు కూడా ఆసుపత్రి మంచం పక్కన ఆవిడే వేసింది, నర్సును వెయ్యనివ్వలేదు. ఆవిడ చేటను తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

"పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు, తినండి అత్తయ్యా," అంది టైలరమ్మ, చెప్పులు వేసుకుంటూ. అనుమానం అనుమానమే, మర్యాద మర్యాదే.

"ఆకలి లేదు," అని గదిలోంచి వినపడింది.

*

క్లినిక్కులో ఆమెకు ముందు మెడకు అట్ట చుట్టుకున్న కుక్కొకటి, రెక్క విరిగిన చిలకొకటి, వాటి వెనక వాటి మనుషులు. బల్ల మీద కూర్చుని టైలరమ్మ సంచి ఒళ్ళో పెట్టుకుంది. గోడ గడియారం ఎనిమిది దాటింది. ఎనిమిదిన్నర దాటింది. చిలక ఊరికే ఉండక "ఎవరు, ఎవరు" అంటోంది. అదే ప్రశ్న తన బుర్రలోనూ తిరుగుతుంటే ఆమెకు ఒళ్ళు మండింది.

ఎందుకు పెడుతుంది ఆవిడ? ప్రేమతోనా? ప్రేమ ఉన్న మనిషి రోగం తేలిన రోజున ఏమంది? "మనిషికే చెయ్యలేకపోయాం, పిల్లికా" అంది. అప్పుడు మామగారిని తలుచుకుని అందనుకుంది. ఇప్పుడు తలుచుకుంటే ఆ మాట వేరే రకంగా వినపడుతోంది. ఇరవై రోజులుగా ఇంట్లో పిల్లి మందు, పిల్లి తిండి, పిల్లి స్ట్రిప్పులు తప్ప మరో మాట లేదు. అది పోతే పీడ పోతుందని ఆవిడకు ఉందేమో. ఛీ, ఏం ఆలోచనలివి అనుకుంది. అనుకుని, మళ్ళీ అవే ఆలోచించింది.

తొమ్మిదింటికి కాంపౌండరు పిలిచాడు. డాక్టరు లోపల చిలక రెక్కకు కట్టు కడుతున్నాడట.

"ముందు సూదులివ్వండి," అంటూ ఆమె సంచిలోంచి మిగిలిన కట్ట తీసింది. "సరిగ్గా ఇలాంటివే."

కాంపౌండరు కట్టను అందుకుని, దీపం కింద తిప్పి చూశాడు.

"ఇవి మేమివ్వలేదే. మాది ఎర్ర మూత. ఇవి నారింజ రంగు మూతలు."

"మీరిచ్చినవి ఐదు రోజుల్లో అయిపోయాయి. ఇవి మా ఇంట్లో ఉన్నవి. మా మామగారికి షుగరుండేది, ఆయనవి మిగిలిపోయాయని మా అత్తగారు ఇచ్చింది. కొత్తవే, ఒక్కటీ మూత తియ్యలేదు."

"ఆరో రోజు నుంచి ఇవే వాడుతున్నారా?"

"అవును. నాలుగు గీతల చొప్పున."

కాంపౌండరు ఒక ఎర్ర మూత సూది తీసి, నారింజ మూత దాని పక్కన పెట్టాడు.

"గీత అంటే ఏ గీత అమ్మా? మీ పిల్లి మందు పల్చన. దానికి ఎర్ర మూత సూది. ఇది మనుషుల చిక్కటి మందుకి చేసిన సూది, దీని గీతలు సన్నం. దీంతో నాలుగు గీతలు తీస్తే, మా సూదిలో రెండు గీతలు కూడా రావు. మీరు మందు పెంచుతున్నామనుకున్నారు. దానికి సగం కూడా పడటం లేదు."

 టైలరమ్మ చెయ్యి మెడలో టేపు మీదకు పోయింది. ఒక వైపు ఇంచీలు, ఇంకో వైపు సెంటీమీటర్లు. పని నేర్చుకునే రోజుల్లో, టేపు తిరగబడి సెంటీమీటర్ల వైపు చూసి, ఓ పెద్దమనిషి చొక్కాను పసివాడి చొక్కాగా కత్తిరించింది. ఆ రోజు తిన్న తిట్లు ఇప్పటికీ గుర్తే. అంకె చూసే ముందు అది ఏ కొలతో చూడమని తన దగ్గరకు పని నేర్చుకోవడానికి వచ్చిన ప్రతివాళ్ళకూ చెబుతుంది. చెప్పే నోటికి తాను పాటించే బుద్ధి లేకపోయింది.

అయితే పిల్లికి ఎవరూ తీపి పెట్టలేదు.

ఆ మాట మనసులో పూర్తిగా దిగకముందే కాంపౌండరు కట్ట మీది కాగితం చదువుతూ, "మీ మామగారు పోయి ఎన్నాళ్ళయింది?" అన్నాడు.

"మూడేళ్ళు దాటింది."

"ఇవి తయారై నాలుగు నెలలే అయింది."

"ఏమిటీ?"

"ఇదిగో, తేదీ. మీ ఇంట్లో ఇంకెవరికైనా షుగరుందా?"

"మా ఇంట్లో పిల్లికి తప్ప ఎవరికీ లేదు," అంది టైలరమ్మ.

మరి అబద్ధమెందుకు? కొత్తగా కొని తెచ్చి, పాతవని ఎందుకు చెప్పాలి? తొమ్మిదేళ్ళు సూది పట్టుకున్న మనిషికి ఏ మూత దేనికో తెలీదా?  ఇందాక ఛీ అనుకున్న ఆలోచన ఇప్పుడు ఛీ అనిపించలేదు.

"ఇవాళ పొద్దున మందు వేశారా?" అన్నాడు కాంపౌండరు. "నారింజ మూతతోనే అయితే పర్లేదు. సాయంత్రం నుంచి ఎర్ర మూతతో మళ్ళీ రెండు గీతలే మొదలుపెట్టండి. ఎర్ర మూతతో నాలుగు మాత్రం వెయ్యకండి. తిండి తగ్గిన పిల్లి, షుగరు ఒక్కసారిగా పడిపోతే ప్రాణం మీదకొస్తుంది."

ఎందుకైనా మంచిదని మొగుడికి ఫోను చేసింది.

"మందు వేశారా?"

"లేదే. ఏడింటికే ఫోనొచ్చింది, ఎవరో లిఫ్టులో ఇరుక్కున్నారని. పరిగెత్తాను. అమ్మకి చెప్పానులే. అమ్మకంటే బాగా వేసేవాళ్ళెవరు?"

ఇంటికి చేసింది. చాలాసేపు మోగాక అత్తగారు ఎత్తింది.

"వేశానమ్మా, ఏడున్నరకే. నాలుగు గీతలు."

"ఫ్రిజ్జు మీది సూదితోనేగా?"



"అది నేనిచ్చిన కట్టలోదేగా. నా చేతివంటే నీకు అనుమానమాయె. డాక్టరిచ్చిన ఎర్ర మూతది ఒకటి మిషను కింద దొర్లిపోయి ఉంటే ఊడుస్తుంటే దొరికింది, దాచాను. దాంతో వేశాను. రేపు మళ్ళీ నన్ను అనకుండా."

టైలరమ్మ గోడకు చెయ్యి ఆనించింది.

"అదెలా ఉంది? గుండీ?"

"నీకు ఫోను చెయ్యాలనే అనుకుంటున్నా. లేచి నాలుగడుగులు వేసి పడిపోయింది. కళ్ళు తేలేస్తోంది."

పక్కనే వింటున్న కాంపౌండరు గట్టిగా చెప్పాడు. "పంచదార నీళ్ళో, తేనో, ఏదుంటే అది. వేలితో చిగుళ్ళకి రాయమనండి. గొంతులో పొయ్యకూడదు. వెంటనే రాసి తీసుకురండి."

"అత్తయ్యా, పంచదార నీళ్ళు కలిపి దాని చిగుళ్ళకి..."

అంటూనే ఆగిపోయింది. రొమ్ము మీద తాళంచెవి చల్లగా తగులుతోంది.

"అలమరకి తాళం వేసి పోయావు కదమ్మా," అంది అత్తగారు. ఆ గొంతులో దెప్పు లేదు. ఉన్నా బాగుండేది.

 ఏదో లెక్క వేసుకుంటున్నట్టు ఊపిరి వినపడింది.

"సరే, నేను చూసుకుంటాను," అని అత్తగారు ఫోను పెట్టేసింది.

*

ఆరు వీధులు. టైలరమ్మ చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టి పరిగెత్తింది. టేపు రెండు కొసలూ ఎగురుతున్నాయి. తెలిసినవాళ్ళు ఏమైందని అడిగినా ఆగలేదు.

ఏం చూసుకుంటుంది? దేనితో చూసుకుంటుంది? ఇంట్లో తీపన్నది అలమర బయట ఒక్క పలుకు లేదు. తనే ఏరి ఏరి లోపల పెట్టింది. లేక చూసుకుంటాననడం అంటే, కూర్చుని చూడడమేనా? సూదుల సంగతి తెలిసే వేసిందా? ఎర్ర మూత దాచానంది. ఎందుకు దాచింది? అడుగడుక్కీ ఒక ప్రశ్న. ఒకదానికొకటి కుట్టుకుంటూ పోతే, వీధి మలుపు వచ్చేసరికి అత్తగారు నిండు హంతకురాలై నిలబడింది.

తలుపు తీసే ఉంది. అలమర తాళం చెక్కుచెదరలేదు.

అత్తగారు తన గదిలో నేల మీద, మంచానికి చేరగిలబడి కూర్చుని ఉంది. ఒళ్ళో తువ్వాలు, తువ్వాల్లో గుండీ. ఆవిడ చూపుడు వేలు దాని పెదవి కింద నెమ్మదిగా తిరుగుతోంది. పిల్లి మూతి చుట్టూ తెల్లటి జిగురు. టైలరమ్మ పక్కన కూలబడి చూసింది. గుండీ నాలుక బయటకు వచ్చి ఆ వేలిని ఒకసారి నాకింది. ఇంకోసారి నాకింది. తోక కొస కదిలింది.

"ఇందాకటి మీద నయం," అంది అత్తగారు. "చెవి తాకితే విదిలిస్తోంది."

టైలరమ్మకు ఏడుపు ముంచుకొచ్చింది. కానీ ఆమె కళ్ళు అప్పటికే నేల మీద మూత తీసి ఉన్న రేకు డబ్బా మీద పడ్డాయి. అది మంచం కింద గోడవారగా ఉండేది, పాత బట్టలని చెప్పేది ఆవిడ.

డబ్బాలో ఖాళీ అయిన గ్లూకోజు పొట్లం. ఒకే ఒక్క బిస్కెట్టు కాగితం, ఖాళీది. తడిగుడ్డలో చుట్టిన చిన్న మందు సీసా. పక్కన నారింజ మూతలు, ఓ పదీ పన్నెండు.

మనుషుల మందు. మనుషుల సూదులు.

"ఇవి మీవా?" అంది టైలరమ్మ. 

అత్తగారు పిల్లి మూతి తుడుస్తోంది.

"ఎన్నాళ్ళ నుంచి అత్తయ్యా?"

"మీ మామగారు పోయిన ఏడాదే బయటపడింది. మందుల షాపతను మంచివాడు, ఎవరికీ చెప్పడు. రాత్రిళ్ళు ఒక్కోసారి కళ్ళు తిరుగుతాయి, అప్పుడో బిస్కెట్టు."

"మాకెందుకు చెప్పలేదు?"

"ఆయన రోగం ఈ ఇంట్లో ఏమేం మింగిందో నువ్వు చూశావు. మళ్ళీ నాదని ఏం మొహం పెట్టుకుని చెప్పను? పిల్లి సూదులు అయిపోయాయని నువ్వు దిగులుపడుతుంటే, నావే ఒక కట్ట ఇచ్చాను. గీత గీతే కదా అనుకున్నాను. తొమ్మిదేళ్ళు వేశాను, అన్నీ ఒకటేననుకున్నాను."

తప్పు ఇద్దరిదీ ఒకటే. గీతలు లెక్కపెట్టుకున్నారు గానీ, ఏ గీతో చూసుకోలేదు. టైలరమ్మ పిల్లిని తీసుకోబోతూ అత్తగారి చేతిని తాకింది. ఆ చెయ్యి మంచులా ఉంది. పైగా తడిసి ముద్దగా ఉంది. తలెత్తి చూస్తే ఆవిడ నుదుటి మీద, పై పెదవి మీద చెమట చుక్కలు. ఫ్యాను తిరుగుతోంది.

"మీరు పొద్దున మీ సూది వేసుకున్నారా?"

"వేసుకోక. ఏడింటికే."

"ఏమైనా తిన్నారా?"

అత్తగారు నవ్వబోయింది. పెదవులు సరిగ్గా కుదరలేదు.

"అలిగాను కదా. తర్వాత తిందామనుకుంటే ఇదిలా పడిపోయె. ఉన్న పొట్లం ఒక్కటే. దానికి పట్టేశాను."

టైలరమ్మ ఎలా లేచిందో తెలీదు. టేపు మెడలోంచి లాగితే ముడి రాలేదు. టేపుతో సహా తాళంచెవిని తాళంలో దూర్చి తిప్పింది. పంచదార డబ్బా కింద పడి సగం ఒలికిపోయింది. మిగిలిన సగం గ్లాసు నీళ్ళలో గుమ్మరించి, వేలితోనే కలిపి, పరిగెత్తుకొచ్చి అత్తగారి తల తన భుజానికి ఆనించుకుని తాగించింది. రెండు గుటకలు లోపలికి, ఒకటి బయటికి.

"తాగండి అత్తయ్యా. మింగండి. నా తల్లి కదూ."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె అత్తగారిని అలా పిలవడం అదే మొదలు. గ్లాసు ఖాళీ అయింది. ఇంకోటి కలిపింది. తర్వాత మీటరు తెచ్చింది. డబ్బాలో స్ట్రిప్పు ఒక్కటే.

అత్తగారు వణికే చేత్తో తువ్వాలు తప్పించి, పిల్లి చెవిని ముందుకు మడిచి పట్టుకుంది.

"దానికి చూడు ముందు. నోరులేనిది."

టైలరమ్మ పిల్లి చెవిని ఆవిడ వేళ్ళలోంచి విడిపించింది. ఆ వేళ్ళలో ఒకదాన్ని పట్టుకుంది. అత్తగారు వెనక్కి లాక్కోవాలని చూసింది గానీ చేతిలో బలం లేదు.

"వాడికి చెప్పనని మాటివ్వు," అంది. మాట ముద్దముద్దగా వచ్చింది. "చెప్పనంటేనే గుచ్చు."

టైలరమ్మ మాటివ్వలేదు. గుచ్చింది. ఎర్రటి చుక్క ఉబికి స్ట్రిప్పు అంచుకు ఎక్కింది. మీటరు ఐదు నుంచి వెనక్కి లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

వీధి తలుపు దగ్గర పనిముట్ల సంచి దింపిన చప్పుడైంది.

"ఇద్దరూ కలిసే ఉన్నారా, పర్లేదే," అంటూ లిఫ్టు మెకానిక్కు గది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. తువ్వాల్లో పిల్లిని చూశాడు. తల్లి వేలి మీది రక్తాన్ని చూశాడు. తర్వాత నేల మీది డబ్బాను చూశాడు.

"అమ్మ వేలికెందుకు గుచ్చావు?" అన్నాడు.